మా పెరటి గంధపుమొక్కయు దూరదేశపు సంచిమృగమును



పేరంటమునకు వచ్చిన ముత్తైదువ మెడకు గంధమలదుట మన యిండ్లలో అనాదిగా వచ్చుచున్న మర్యాద. సానమీద గంధపుచెక్కను అరగదీసి, ఆ చల్లని ముద్దను గిన్నెలోనికి తీయునప్పుడు, ఈ చెక్క యే నేలలో పెరిగినది, ఏమి తిని పెరిగినది, దీనిని నాటినవారెవ్వరు అని మనలో నెందరము తలపోసితిమి? నేను మాత్రము ముప్పదియేండ్లు దాటువరకు తలపోయలేదు. తలపోయునట్లు చేసినది మా పెరటిలో నా చేతిమీదుగా చనిపోయిన యొక చిన్న మొక్క. ఆ కథయు, దానివలన నేను తెలిసికొన్న యొక దూరదేశపు జంతువు కథయు మీకు విన్నవింతును.

మావారు ఉపాధ్యాయులు. బదిలీపై మేము చౌడేపల్లెకు వచ్చి ఆరేండ్లైనది. ఈ యూరు పుంగనూరునకు చేరువగా, పడమటి మెట్టసీమలో నున్నది. పూర్వము పుంగనూరు జమీందారుల యేలుబడిలోని ప్రాంతమిది. ఊరిలో మృత్యుంజయేశ్వరుని గుడి కలదు. ఊరికి కొంతదూరమున బోయకొండమీద గంగమ్మతల్లి వెలసియున్నది. సెలవుదినములలో కొండకు పోవు జనముతో త్రోవలు నిండిపోవును. ఎర్రని నేల, ఎటు చూచినను గుండ్రాళ్ల గుట్టలు, గుట్టలమీద తంగేడు, బలుసు, సీతాఫలపు పొదలు. వాన తక్కువయైనను గాలి చల్లన. మైసూరు పీఠభూమి తన కొంగును మా యూరిదాక పరచినదేమో యనిపించును. గంధపుచెట్టు కోరునట్టి సీమ యిదియే.

నాలుగేండ్ల క్రిందట శ్రావణమాసమున మా యద్దెయింటి పెరటిలో, గోడప్రక్కనున్న కానుగచెట్టు నీడను, గరికయు ఉత్తరేణియు తుమ్మియు కలిసి పెరిగిన గుబురులో జానెడు మొక్క యొకటి కనబడినది. ఆకులు ఎదురెదురుగా నున్నవి, నున్నగా నిగనిగలాడుచున్నవి. పిచ్చిమొక్క యనుకొని నేను పెరికివేయబోగా మా అత్తగారు చేయి పట్టుకొనిరి. ఆమె పుట్టినిల్లు ముళబాగిలు ప్రాంతము. చిన్ననాట గంధపుచెట్ల నడుమ తిరిగినవారు.

"ఆగు అమ్మాయీ! ఇది శ్రీగంధము. ఏ కోకిలయో పండు తిని యిక్కడ వేసిపోయినది. వెదకినను దొరకనిది మన కాళ్లదగ్గరకు వచ్చినది" అనిరి.

ఆ మాట విన్నది మొదలు నా కాలు నేల నిలువలేదు. మా నాయనగారు చిన్ననాట నాకు అమరమును, కొన్ని కావ్యములను ఇంటనే చెప్పిరి. మలయజమనియు గంధసారమనియు పేరు గన్న వృక్షము, మలయపర్వతమున పాములు చుట్టుకొనియుండునని కవులు వర్ణించిన వృక్షము, తన్ను నరకిన గొడ్డలికే పరిమళమిచ్చునని పెద్దలు సజ్జనులతో పోల్చిన వృక్షము, ఉత్తరేణి పొదలోనా యుండుట? నా మనసొప్పలేదు. మరునాడే వేళ్లు కదలకుండ మంటిగడ్డతో త్రవ్వి తీసి, తులసికోట కెదురుగా చక్కని పాది చేసి నాటితిని. మన్ను జల్లించితిని. చివికిన పెంట యెరువు వేసితిని. మేకలు రాకుండ కంప నాటితిని. ప్రొద్దుననే చెంబెడు నీరు పోయుదును. పాదిలో ఒక్క గడ్డిపోచ మొలచినను ఊరకుండక పెరికివేయుదును. ఇరుగుపొరుగువారు వచ్చి, "ఎంత శుభ్రముగా పెట్టితిరమ్మా!" అని మెచ్చుకొనినప్పుడు నాకు గర్వముగా నుండెడిది.

కార్తికమాసమునకు ఆకులు పసుపువన్నె తిరిగినవి. సంక్రాంతికి కొనలు మాడినవి. నీరు చాలలేదని మరియొక చెంబు పోసితిని. ఎండ తగులుచున్నదని తాటియాకు కప్పితిని. ఉగాదినాటికి పాదిలో ఒక పుల్ల మిగిలినది. "దానికి నీవేమి తక్కువ చేసితివి!" అని అత్తగారు నన్నోదార్చిరి. నాకును అట్లే తోచినది. ఏ లోపమును చేయకపోయినను పోయినదిగదా యని యేడ్చితిని.

నేను చేసిన లోపమేమో ఆ మరుసటి చలికాలమున తెలిసినది. మావారి బడిపిల్లలు హార్స్లీకొండకు వినోదయాత్ర పోవుచుండిరి. ఆడపిల్లలకు తోడుగా నన్నును రమ్మనిరి. పుంగనూరు మీదుగా మదనపల్లె చేరి, అక్కడనుండి మలుపులు తిరుగుచు బస్సు కొండ యెక్కినది. ఈ కొండ యెత్తు సముద్రమట్టమునకు నాలుగువేల యడుగులకు పైమాటయే. దీని పూర్వనామము ఏనుగు మల్లమ్మకొండ. మల్లమ్మ యను బాలికను ఏనుగులు పోషించెనని యిచ్చటివారి కథ. 19వ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన డబ్ల్యూ. డి. హార్స్లీ వేసవి విడిదికై యిచ్చట నిల్లు కట్టించుకొనుటచేత కొండ కాయన పేరు వచ్చినది.

కొండమీద 'కల్యాణి' యను పేరుగల మహావృక్షమొకటి కలదు. అది నీలగిరిచెట్టు. 1859లో నాటినదని అచ్చట చెప్పుదురు. తలయెత్తి చూచిన మెడ నొప్పిపుట్టునుగాని కొన కనబడదు. పిల్లలు చేతులు పట్టుకొని దాని బోదె చుట్టును నిలిచిరి. "దీని పుట్టినిల్లు ఆస్ట్రేలియా ఖండము. మీ తాతముత్తాతలకన్న ముందే మన కొండకు కాపురమునకు వచ్చినది" అని మావారు చెప్పగా పిల్లలు నవ్విరి.

మాతో నడచుచున్న వృద్ధుడైన వనసేవకు డొకడు త్రోవలో నొక గంధపుచెట్టును చూపినాడు. చెట్టు సన్నముగా, వంకరగా, ఒక కానుగను ఆనుకొన్నట్లు నిలిచియున్నది. ఆకు నలిపి మూచూచితిని, వాసన లేదు. చిన్నచిన్న మెరుపుగల పూవులకును పరిమళము లేదు. బెరడు క్రింది తెల్లకొయ్యకును లేదట. పదియేండ్లు దాటిన పిదపగాని నడిమి చేవ కట్టదు. అందులోనే, అందును వేరు దాపున మెండుగా, నూనె చేరును. చక్కని చేవ కావలెనన్న ఇరువదియైదు ముప్పదియేండ్లు ఓర్పు పట్టవలెను. నా మొక్క సంగతి నే నాతనికి చెప్పగా, ఆతడు తల పంకించి యిట్లనినాడు:

"అమ్మా! మీరు దానిని తల్లిపాలు మాన్పించినారు. గంధపుమొక్క తనంత తాను బ్రతుకలేదు. ప్రక్కమొక్క వేరుమీద తన వేరు పెట్టి త్రాగవలెను. మీరు ఒంటిదానిని చేసి, చుట్టునున్న గడ్డినంతయు పెరికినారు. ఇంక అది యేమి త్రాగును?"

సోదరీమణులారా, ఆ మాటకు నాకు నోటమాట రాలేదు. ఇంటికి వచ్చి పుస్తకములు చూచితిని. వృద్ధుడు చెప్పినది అక్షరాల నిజము. గంధపువేళ్లకు బొడిపెలవంటి చూషకాంగములు పుట్టును. అవి ప్రక్కచెట్ల వేళ్లను కరచుకొని వానినుండి నీటిని, లవణములను పీల్చుకొనును. ఆకులు పచ్చగా నుండుటచేత ఎండలో తన యన్నమును తాను కొంత వండుకొనగలదు. అందుచేత దీనిని అర్ధపరాన్నజీవి యందురు. 1871లో జాన్ స్కాట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ సంగతిని లోకమునకు వెల్లడించెను. కంది, కానుగ, సరుగుడు, వేప మొదలుగా మూడువందలకు మించిన జాతుల వేళ్లనుండి యిది త్రాగగలదని తేలినది. నేడు నారుమడులలో గంధపుమొక్క తొట్టిలోనే కందిమొక్కను తోడుగా పెంచుట అలవాటు. చక్కగా కాపాడితినని నేను గర్వించిన ప్రతి ప్రొద్దునను ఆ బిడ్డ కంచములోని యన్నమును తీసివేయుచుంటి నన్నమాట!

హార్స్లీకొండనుండి దిగివచ్చునప్పుడు బస్సులో మా ప్రక్కయింటి పిల్ల, ఎనిమిదవ తరగతి చదువునది, నా ప్రక్కనే కూర్చున్నది. "అయ్యవారమ్మా! నీలగిరిచెట్టు మనకిచ్చిన ఆ దేశములో గంధపుచెట్టుకూడ నున్నదా?" అని యడిగినది. నాకు తెలియక మావారివంక చూచితిని. మావారు, "ఉన్నది. దానిని నాటుట కొక సంచిమృగముకూడ నున్నది. వచ్చేవారము మీ తరగతికి అదే వ్యాసము. గంధపుచెట్టు గొప్పదా, ఆ మృగము గొప్పదా, పోల్చి వ్రాసి తెండు" అనిరి. పిల్లలు వ్రాయుటకు ముందు మావారు ఇంటికి తెచ్చిన పుస్తకములను నేనును చదివితిని. అందు తెలిసిన విశేషములివి.

సంచిమృగములనగా తమ బిడ్డలను పొట్టమీది తోలుసంచిలో పెంచునట్టి జంతువులు. కంగారు నెరుగనివారుండరు. మన దేశమున స్వభావముగా నీ జాతి యొక్కటియు లేదు. ఆస్ట్రేలియాయందును దాని చుట్టుపట్ల దీవులందును, అమెరికా ఖండములందును మాత్రమే కలవు. నేను చెప్పబోవు మృగము కంగారునకు దూరపు చుట్టము, పేరు వాయిలీ. పశ్చిమ ఆస్ట్రేలియాలోని నూంగార్ అను ఆదిమజాతివారి భాషనుండి ఈ పేరు వచ్చినది. బరువు కిలో మొదలు కిలోన్నర. నిలువు అడుగుకన్న కొంచె మెక్కువ. తోకయు ఇంచుమించు అంతే పొడవు. పగలంతయు పొదక్రింద గడ్డిగూటిలో పండుకొని, రాత్రి బయలుదేరును. గూటికి కావలసిన గడ్డిని, బెరడుపీచును తోకతో చుట్టిపట్టి మోసుకొనిపోవుట దీని వింత. చంకలో బిడ్డయు చేతిలో బిందెయు నున్నప్పుడు మనకును తోకయుండిన బాగుండునని నాకు తోచినది!

దీనికి కానుపునకు ఒక్కటే బిడ్డ. పుట్టినప్పుడు అది చిక్కుడుగింజకన్న పెద్దది కాదు; కన్ను తెరవదు, వెండ్రుక లేదు. అయినను తనంత తాను ప్రాకి తల్లి సంచిలోనికి చేరి పాలకొనను పట్టుకొనును. సుమారు మూడు నెలలు అందులోనే పెరుగును. పెద్దబిడ్డ సంచి వీడినంతనే, అప్పటివరకు కడుపులో ఎదుగక నిలిచియుండిన రెండవ పిండము ఎదిగి పుట్టి, ఆ చోటికి వచ్చును. ఇట్లు దాని సంచి యొకనాడైనను వట్టిదిగా నుండుట యరుదు. 

దీని ముఖ్యాహారము నేలలోపల పెరుగు పుట్టగొడుగుజాతి. వానికై ముందరికాళ్లతో రాత్రియంతయు నేలను త్రవ్వుచుండును. ఒక్క వాయిలీ ఏడాదిలో ఇంచుమించు 5 టన్నుల మన్ను తిరుగవేయునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. గుల్లబారిన ఆ నేలలోనికి వాననీ రింకును, రాలిన యాకు కలిసి చివుకును. చేతికి నాగలి లేని రైతు అది.

ఇక గంధపుచెట్టుతో దీని సంబంధము. పశ్చిమ ఆస్ట్రేలియాలో పెరుగు చందనము మన చందనమునకు అక్కచెల్లెలు; ఒకే వంశము, వేరు జాతి. అదియు ఇతరుల వేళ్లనుండి త్రాగునదే. తుమ్మజాతిచెట్లు దానికి ప్రియమైన ఆశ్రయములు. మన గంధపుపండు చిన్నది, పండినప్పుడు నేరేడువన్నె. కోకిలలు, పికిలిపిట్టలు మ్రింగి దూరదూరముల గింజ వేసిపోవును. ఆ దేశపు చందనపుగింజ పెద్దది, గోళీకాయంత యుండును. అది చెట్టుక్రిందనే రాలి పడియుండిన యెడల మొలచుట కష్టము. మొలచినను తల్లికిని బిడ్డకును ఒకే వేరు దిక్కగును. వాయిలీ ఆ గింజను పట్టుకొనిపోయి, వేరొక చెట్టుదాపున చిన్న గుంట తీసి, రాబోవు దినములకు దాచుకొని మన్ను కప్పును. ఒకచోట ఒకటే, మరియొకచోట మరియొకటి. దాచినవాటిలో కొన్నిటిని త్రవ్వి తినును, కొన్నిటిని మరచును. మరచిన గింజ సరియైన లోతున, మెత్తని మంటిలో, అన్యవృక్షపు వేరుప్రక్కన నుండుటచేత వాన పడగానే మొలకెత్తును. చందనపుటడవిని నాటినది ఆ మృగము మరపన్నమాట.

ఇప్పుడు పోల్చి చూతము. చందనము ముప్పదియేండ్లు కదలక నిలిచి చేవ కట్టును. వాయిలీ అల్పాయువు, రాత్రియంతయు కాలు నిలుపదు. చందనము ప్రక్కవాని వేరునుండి తీసికొనును; వాయిలీ తీసికొన్నదానిలో కొంత నేలకు విడుచును. చందనము విలువ దానిని నరకిన పిదప. ఆ మృగము విలువ అది బ్రతికియున్నంతసేపే. చందనమునకు కావ్యములు, దేవాలయములు, పెండ్లిండ్లు సాక్ష్యము. వాయిలీ పేరు దాని దేశమునందే చాలమంది యెరుగరు. ఇంత భేదమున్నను ఒక్క విషయమున రెండును సమానములు. రెండింటి బ్రతుకును మన కంటికి కనబడని చోట, నేలక్రింద నడచును. చెట్టును చూచువారు వేరును చూడరు. అడవిని చూచువారు గుంటను చూడరు. నేనును చూడనైతిని.

చూడకపోవుటవలని నష్టము ఆ దేశములో పెద్దదైనది. 1840 దశకమునుండి అచ్చటి చందనమును నరకి ఓడలలో ఆసియా దేశములకు పంపిరి. చైనాదేశమున ఊదువత్తులకై దానికి మంచి గిరాకి. చెట్లు తగ్గినవి. మరియొక ప్రక్క ఐరోపానుండి వచ్చినవారు వేటవినోదమునకై నక్కలను తెచ్చి వదలిరి, పిల్లులును అడవిపాలైనవి, మేతకు, సేద్యమునకు పొదలను కొట్టివేసిరి. ఒకప్పుడు ఖండపు దక్షిణభాగమున విరివిగా తిరుగాడిన వాయిలీ 1970 ప్రాంతమునకు నైరుతిమూలనున్న మూడు చిన్న యడవులలో మాత్రము మిగిలినది. అది పోయినచోట్ల చందనవృక్షములు నిలిచియున్నను వాని క్రింద పిల్లమొక్కలు పలుచనైనవి. గింజలు రాలును, ఎండును. మోసికొనిపోవు నాథుడు లేడు. పశువులు, మేకలు మేయుటయు తోడైనది. పెద్దలు మాత్రమే యుండి పసివాని యేడుపు వినబడని యింటివలె నా యడవులు నిలిచినవని చదివినప్పుడు నా గుండె కలుక్కుమన్నది.

ప్రభుత్వమువారు నక్కలకు విషపుటెర పెట్టి తగ్గించిన పిమ్మట వాయిలీ సంతతి పెరిగి, 1996లో అపాయములోనున్న జంతువుల జాబితానుండి దానిని తొలగించిరి. అందరును సంతోషించిరి. ఆ సంతోష మెంతోకాలము నిలువలేదు. 1999 మొదలు ఏడెనిమిదేండ్లలో నూటికి తొంబదివంతుల దాక అవి మరల నశించి, 2008లో అత్యంతాపాయమున నున్న జంతువుగా లెక్కకు వచ్చినది. అయినను అచ్చటివారు చేయి విడువలేదు. కంచె గట్టిన వనములలో పెంచుచు, 2021లో దక్షిణ ఆస్ట్రేలియాలోని యార్క్ ద్వీపకల్పమునకు మరల కొన్నిటిని చేర్చిరి. నూరేండ్లకు పైగా వాయిలీ అడుగు పడని నేల యది.

మన సంగతి చూడబోయిన మనమును నిశ్చింతగా నుండదగినవారము కాము. మన చందనమును 1792లో టిప్పుసుల్తాను రాజవృక్షముగా ప్రకటించెను. ఎవరి నేలలో మొలచినను అది ప్రభువుదే యని శాసనము. 1916లో బెంగుళూరున మైసూరు ప్రభుత్వమువారు గంధపునూనె తీయు కర్మాగారమును స్థాపించిరి; మన స్నానపుగదులలోని చందనపుసబ్బు ఆ నూనె చలువయే. ఒక ప్రక్క నరకుట, ఒక ప్రక్క దొంగతనము, మరియొక ప్రక్క 1899లో కొడగుసీమలో మొదట కనుగొన్న స్పైక్ తెగులు. ఈ తెగులు పట్టిన చెట్టు ఆకులు చిన్నవై, ముండ్లవలె నిక్కి, చెట్టు కొన్నియేండ్లలో ఎండిపోవును. 1998లో ప్రకృతి సంరక్షణకై యేర్పడిన అంతర్జాతీయ సంఘమువారు మన శ్రీగంధమును ముప్పునకు లోనైన జాతిగా పేర్కొనిరి. విచిత్రమేమనగా, 1999 మొదలు పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తరభాగమున కునునర్రాయను చోట వేలకొలది యెకరములలో మన గంధపుజాతినే నాటి పెంచిరి. ప్రతి మొక్కప్రక్కను ఆశ్రయవృక్షమును వరుసగా పెట్టిరి. మన పెరటి రహస్యమును వారు బాగుగా నేర్చుకొనిరి.

వారము గడచినది. పిల్లలు వ్యాసములు తెచ్చిరి. అందరును ఇంచుమించు చెట్టే గొప్పదని వ్రాసిరి. దేవుని కర్పించుదుము గనుక గొప్పదని కొందరు. కిలో వేలరూపాయలు పలుకును గనుక గొప్పదని కొందరు. మా ప్రక్కయింటి పిల్ల కడపట నొక్క వాక్యము వ్రాసినది: "గంధపుచెట్టుకు పేరున్నది, ఈ జంతువుకు పనియున్నది; పని నిలిచిపోతే పేరుకూడ నిలవదు." మావారు ఆ కాగితమును నా చేతికిచ్చి, "నీ చచ్చిన మొక్కకు ఈ పిల్ల సమాధానము వ్రాసినది" అనిరి.

గత యేడు వానలకు ఆ కానుగక్రిందనే మరల రెండు మొలకలు కనబడినవి. ఈసారి నేను వానిని తాకలేదు. గరికను పెరుకలేదు. పైగా చెరియొక ప్రక్కను నాలుగు కందిగింజలు వేసితిని. ఒక మొలకను పశువు మేసినది, ఒకటి నిలిచినది. ఇప్పుడు నా నడుమెత్తు వచ్చి, నిగనిగలాడుచున్నది. పెరడు మునుపటివలె శుభ్రముగా లేదని చూచినవారందురు. అననిండు.

చిక్కు మరియొకచోట వచ్చినది. ఇంటి యజమానురాలు ఒకనాడు చూడవచ్చి, మొక్కను గుర్తుపట్టి, "అమ్మా, దీనిని తీయించివేయుడు. పెద్దదైన దొంగలు రాత్రికిరాత్రి కోసికొనిపోవుదురు. అడ్డము వచ్చినవారిని కొట్టుదురు. మనమే కోసికొందమన్నను అటవీశాఖవారి యనుమతి లేక కోయరాదు, తరలింపరాదు. మాకెందుకీ తంట?" అనినది. ఆమె చెప్పినది అబద్ధము కాదు. భయమును అకారణము కాదు. నేనేమి చెప్పవలయునో తోచక నిలుచుంటిని.

అప్పుడు డెబ్బది రెండేండ్ల మా అత్తగారు లోపలనుండి వచ్చి, ఆమెను అరుగుమీద కూర్చుండబెట్టి, పసుపుకుంకుమ లిచ్చి, సాన తెచ్చి గంధము తీసి మెడకలది యిట్లనిరి: "తల్లీ, ఈ చెక్క నా పెండ్లినాడు మా అమ్మ యిచ్చినది. ఆమె తల్లి ఆమెకిచ్చినది. ఏ మహానుభావుడో తనకు దక్కదని తెలిసియు పెరుగనిచ్చిన చెట్టు ఇది. చేవ కట్టుటకు ముందు దొంగకు దానితో పని లేదు. ఈ పదియేండ్లు దాని నుండనిమ్ము. అటుపిమ్మట నీకు తోచినట్లు చేయుము. నేను అప్పటికి చూడవచ్చెదనా?" యజమానురాలు మెడమీది గంధమును వ్రేలితో తాకి చూచుకొని, కొంతసేపు మాటాడక, "సరే, ఉండనిండు" అని పోయినది.

ఈ వేసవిలో మావారికి మరల బదిలీ కాగలదని వినుచున్నాము. ఉపాధ్యాయుని యిల్లాలికి పెరడు ఎన్నడును తనది కాదు. ఏ యూరనో విత్తనము వేయుదుము. కాయ వేరొకరు కోయుదురు. ఇదివరకు అది తలచికొన్నప్పుడెల్ల నాకు దిగులుగా నుండెడిది. ఇప్పుడు అంత లేదు. దాచిన గింజను మరచి వేరుచోటికి పోవు ఆ చిన్న మృగము అడవి కపకారము చేయుట లేదుగదా! ప్రక్కయింటి పిల్లకు మొక్కను ఒప్పగించితిని. నీరెప్పుడు పోయవలెనో చెప్పితిని. కానుగకొమ్మ నరకనీయవలదనియు, కంది యెండిపోయిన మరల నాలుగు గింజలు వేయవలెననియు చెప్పితిని. కడపట, "ఒక్కటి మాత్రము మరువకుము. చుట్టునున్న గడ్డి పెరుకవలదు" అంటిని.

"ఎరుగుదును అయ్యవారమ్మా" అని నవ్వినది.